కలగాపులగం శనగలో మేలి మొక్కను పట్టేదెలా?

నాగులుప్పలపాడు, ఒంగోలు వైపు నల్లరేగళ్లలో సొంత శనగ విత్తనం దాచుకుని వేసేవాళ్లు బాగా కాసిన మొక్కలను విడిగా ఏరిపెడుతుంటారు. ఆ శ్రమకు ఫలితం దక్కాలంటే ముందు చేలో జన్యు తేడా ఉండాలి. నిరుడే కొన్న ధృవీకరణ విత్తనంతో వేసిన జె.జి.11 అనే దేశవాళీ శనగ రకంలో ఎంత ఏరినా ఒరిగేదేమీ లేదు. శనగలో పువ్వు విచ్చేలోపే తన పుప్పొడితో తనే ఫలదీకరణ చెందుతుంది. కాబట్టి శుద్ధమైన రకంలో మొక్కలన్నీ దాదాపు ఒకటే; అందులో ఒకటి ఏపుగా ఉందంటే అది తేమ చలవ, లేదా పక్కన పడిన ఖాళీ చలవ. డెన్మార్క్ శాస్త్రవేత్త యోహాన్సెన్ 1903లోనే బీన్స్ గింజలతో ఈ సంగతి తేల్చాడు. ఏళ్ల తరబడి కళ్లాల్లో కలిసిపోయిన విత్తనమైతేనే మొదలుపెట్టండి.

పూతలో ఒకసారి చేను తిరగండి. ముందుగా పూసిన మొక్కలకు దారం కట్టండి. కాక్-2 అనే కాబూలీ రకం చేలో గులాబీ పువ్వు కనిపిస్తే అది దేశవాళీ కేళీ, అంటే కలిసిపోయిన వేరే రకం మొక్క. కాబూలీకి తెల్ల పువ్వే ఉండాలి.

అసలు ఏరడం కాయ ముదిరాక, ఆకు రాలకముందు. గట్ల వెంట రెండు మీటర్లు వదిలేయండి. ఖాళీ పక్కన ఉన్న మొక్క జోలికి పోవద్దు, ఎక్కువమంది మోసపోయేది అక్కడే. చేనంతటికీ కలిపి పది మంచి మొక్కలు కాకుండా, చేనును మడులుగా అనుకుని ఒక్కో మడిలో ఇరుగుపొరుగు కంటే మెరుగైనవి రెండేసి తీయండి. లేకపోతే అన్నీ తేమ నిలిచే పల్లం నుంచే వస్తాయి. మొత్తం వంద మొక్కలు తీసి, ఒక్కోదాన్ని విడిగా కర్రతో కొట్టి, నంబరు వేసిన కాగితం కవరులో పోయండి. గింజ తూకం చూసి 40 ఉంచుకోండి.

కణుపుకు రెండు కాయలున్న మొక్క చూడగానే మురిసిపోవద్దు. ఆ గుణం ఒకే జన్యువుది, సంతతిలో నిలుస్తుంది, నిజమే. కానీ జంట కాయల జె.జి.62 రకమే ఎండు తెగులుకు ఇట్టే లొంగుతుంది. తెగులు పరీక్షల్లో దాన్ని లొంగే రకానికి నమూనాగా వేస్తారు.

మరుసటి రబీలో ఒక్కో మొక్క గింజలు ఒక్కో సాలు: 3 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్లకో గింజ, అంటే 30 గింజలు. మిగిలినవి కవరులోనే దాచండి. సాలుకూ సాలుకూ 30 సెంటీమీటర్లు. ప్రతి ఎనిమిది సాళ్లకు ఒకటి పోలిక కోసం జె.జి.11. మొత్తం 45 సాళ్లు, సరిగ్గా ఒక సెంటు. ఏటా మొక్కలు ఎండిపోయే చోటే వేస్తే ఇంకా మంచిది. నిరుడు తెగులు తగలక బతికిన మొక్క ఏదో, తట్టుకుని నిలిచింది ఏదో అక్కడ బయటపడుతుంది. ఒకే సాలులో రెండు రంగుల పువ్వులు వస్తే తల్లి సంకరమైనా అయి ఉండాలి, కవర్లైనా కలిసి ఉండాలి; ఆ సాలు వదిలేయండి. నిరుటి తూకంలో మొదటి స్థానంలో ఉన్నది ఇక్కడ వెనకబడితే ఆశ్చర్యపోవద్దు, మామూలే.

పక్కనున్న జె.జి.11ను దాటిన ఐదారింటిని మూడో ఏడు మూడేసి చోట్ల వేయండి. ప్రతి చోటా నాలుగు సాళ్లు, 4 మీటర్ల పొడవు. కోసి తూచేది నడిమి రెండు సాళ్లే, ఎందుకంటే అంచు సాళ్లకు వెలుతురు, తేమ ఎక్కువ. ఆ రెండు సాళ్లు 2.4 చదరపు మీటర్లు. అక్కడి 100 గ్రాములు ఎకరాకు సుమారు 169 కిలోలతో సమానం. కాబట్టి గింజ బాగా ఎండాకే తూచండి, పచ్చితూకం లెక్క తప్పిస్తుంది. మూడు చోట్లా జె.జి.11ను మించిందే మేలుది. రెండు చోట్ల గెలిచి ఒకచోట ఓడినదాన్ని ఇంకో ఏడు చూడాలి.

గెలిచినదాన్ని పెంచేటప్పుడు పక్క శనగకు కనీసం 5 మీటర్ల దూరం ఉంచండి. నూర్పిడి మిషను ముందు ఖాళీగా తిప్పి, ఊడ్చి, మొదట పడిన బుట్టెడు గింజలు విత్తనానికి కాక పప్పుకు వాడండి.