మీది నెగెటివ్ గ్రూపు అయితే

నాది బి నెగెటివ్, మా ఆయనది ఓ పాజిటివ్. తొలి గర్భం మూడో నెలలో పోయింది. క్యూరెటింగ్ చేసి మర్నాడే ఇంటికి పంపారు. తర్వాతి బిడ్డకు ముప్పు రాకుండా వేసే యాంటీ-డి ఇంజెక్షన్ మాట ఎవరూ ఎత్తలేదు, అడగాలని నాకూ తెలియదు. రెండోసారి పాప పుట్టిన పన్నెండు గంటలకే ఒళ్లంతా పచ్చబడింది. "పసిరికలే, పొద్దుటెండలో పెట్టండి" అన్నారు అత్తయ్య. డ్యూటీ నర్సమ్మ వినకుండా పిల్లను ఐసీయూకు ఎత్తుకుపోయింది. ఆ రాత్రే కొంచెం కొంచెంగా పాప రక్తం తీస్తూ నెగెటివ్ రక్తం ఎక్కించారు.

జరిగేది ఇదీ. పోయిన గర్భంలోని పాజిటివ్ రక్తం కాస్త తల్లిలో కలిస్తే, మన ఒళ్లు దాన్ని పరాయిదనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి తర్వాతి పాజిటివ్ బిడ్డ ఎర్రకణాలను పగలగొడతాయి. ఆ పసుపు వాటిలోంచి వచ్చే బిలిరుబినే. మెదడుకు ఎక్కితే వినికిడి దెబ్బతింటుంది, కాళ్లూ చేతులూ స్వాధీనం తప్పుతాయి.

అందుకే నెల తప్పగానే భార్యాభర్తలిద్దరూ గ్రూపు చూపించుకోండి. ఇద్దరిదీ నెగెటివ్ అయితే ఈ భయం లేదు. భర్తది పాజిటివ్ అయితే, మీ రక్తంలో ఆ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే ఐసీటీ పరీక్ష అడగండి. అది నెగెటివ్ వస్తే, అవి తయారవకుండా 28వ వారంలో యాంటీ-డి 300 మైక్రోగ్రాములు వేయించుకోవాలి. పాజిటివ్ వస్తే ఇక ఆ ఇంజెక్షన్ పనిచేయదు. కడుపులో బిడ్డకు రక్తం తగ్గుతోందేమో స్కాన్‌లో చూడగల పెద్దాసుపత్రికి వెళ్లండి.

కాన్పవగానే బొడ్డుతాడు రక్తంతో బిడ్డ గ్రూపు చూస్తారు. పాజిటివ్ అయితే 72 గంటల్లోపు మళ్లీ ఇంజెక్షన్. గర్భం పోయినా, తీయించుకున్నా, ట్యూబులో నిలిచినా ఇదే 72 గంటల లెక్క. మధ్యలో రక్తం కనిపించినా, పొట్టకు దెబ్బ తగిలినా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో ఉండాల్సింది, అన్ని మందుల షాపుల్లో దొరకదు. ఎక్కడుందో ముందుగానే కనుక్కోండి.

తల్లిది ఓ, బిడ్డది ఏ లేదా బీ అయినా కామెర్లు రావచ్చు, తొలి బిడ్డకైనా సరే. దానికి ముందస్తు ఇంజెక్షన్ లేదు, చాలావరకు నీలిలైటుతో తగ్గుతుంది. గ్రూపు ఏదైనా, మొదటి 24 గంటల్లో బిడ్డ పచ్చబడితే ఎండ వైద్యం వద్దు, తక్షణం డాక్టరు చూడాలి. పాలు మాత్రం మానకండి.

లైటు తీసేశాక అయిపోయిందనుకోవద్దు. మా పాపకు నెల నిండేసరికి హిమోగ్లోబిన్ పడిపోయి మళ్లీ రక్తం ఎక్కించారు. ఇంటికొచ్చాక కొన్ని వారాలు ఆ పరీక్ష, ఒకసారి వినికిడి పరీక్ష తప్పకుండా చేయించండి.