ఆఫీసుకు రెండో ఇంటర్నెట్ లైన్ పెట్టించే ముందు వీధిలోని స్తంభం చూడండి

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీద వేలాడే కేబుళ్లను వీధివీధినా కత్తిరించారు. ప్రాణాలు పోయాక ఆ పని తప్పనలేం. కానీ ఎన్నో ఆఫీసులు, క్లినిక్‌లు ఒక్కసారిగా ఆగిపోయాయి. రెండేసి కనెక్షన్లు ఉన్నవాళ్లూ వాటిలో ఉన్నారు. వానలు, వినాయక చవితి ఏటా వస్తూనే ఉంటాయి కాబట్టి వాళ్ల సంగతే చెప్పాలి.

ఎంత స్పీడ్ కావాలి, ఎవరి ప్లాన్ చవక అన్నవి మీకు తెలిసినవే. వాటి జోలికి పోను. నేను పదేపదే చూసిన తప్పు ఒకటుంది: రెండు కంపెనీల లైన్లు తీసుకుని, రెండూ ఒకే స్తంభం మీదుగా రప్పించుకోవడం.

ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ఒక కంపెనీ లీజ్డ్ లైన్ (ఆఫీసుకే ప్రత్యేకంగా ఇచ్చే నెట్ లైన్), ఇంకో కంపెనీ బ్రాడ్‌బ్యాండ్ ఉండేవి. బిల్లులు వేరు, రూటర్లు వేరు. వీధి చివర కట్టర్ పడగానే రెండు పెట్టెల్లోనూ ఎల్ఓఎస్ (సిగ్నల్ పోయిందని చెప్పే) ఎర్ర లైటు ఒకేసారి వెలిగింది. రిపోర్టులు ఆగాయి, పేషెంట్లు కూర్చుండిపోయారు. చాలాచోట్ల మీ ఆఫీసు దాకా చివరి ముక్క కేబుల్ లాగేది కంపెనీ కాదు, లోకల్ కేబుల్ ఆపరేటరు. రెండు మూడు కంపెనీలకు ఆయనొక్కడే లాగుతాడు, అదే స్తంభం, అదే జాయింట్ బాక్స్. రెండు బిల్లులు కట్టినంత మాత్రాన రెండు దారులు ఉన్నట్టు కాదు.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు

"ఫీజిబిలిటీ ఉందా?" (ఇక్కడికి లైన్ ఇవ్వగలరా) అంటే సేల్స్ వాళ్లు ఉందనే చెబుతారు. "ఏ దారిన వస్తుంది, చివర లాగేది ఎవరు?" అని అడగండి. జవాబు మెయిల్‌లో తీసుకోండి. లీజ్డ్ లైన్ ఒప్పందంలో 99.5 శాతం అప్‌టైమ్ (లైన్ పనిచేసే సమయం) అని రాస్తే, నెలకు మూడున్నర గంటలు ఆగినా కంపెనీ మాట తప్పనట్టే లెక్క. ఆ గంటలకు మీ దగ్గర ఏముందో ఆలోచించుకోండి.

ఒకటి స్తంభం మీది ఫైబర్ అయితే, రెండోది భూమిలోంచి వచ్చేదో 5జీ వైర్‌లెస్సో తీసుకోండి. కోస్తా వాళ్లకు స్తంభాలు వేరైనా చాలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు స్తంభాలూ టవర్లూ రెండూ కూలాయి. అక్కడ ఒక లైన్ భూమిలోంచే రావాలి.

ఇంకా పాత పీఆర్ఐ (ఆఫీసు ఫోన్ల డిజిటల్ లైన్) నడుస్తున్న ఆఫీసులు ఉన్నాయి. ఆ 2.048 ఎంబీపీఎస్ లైన్ మీద ఒకేసారి 30 కాల్స్ నడుస్తాయి. దాన్ని తీసేసి సిప్ ట్రంక్‌కి (నెట్ మీద నడిచే ఫోన్ లైన్‌కి) మారమంటారు. మారండి, కానీ ఫోన్లూ నెట్టూ ఒకే తీగలో పడతాయని మరవకండి. కొత్తది ఒక గట్టి వాన తట్టుకున్నాకే పాతది రద్దు చేయండి. మీ నంబరు కొత్త లైన్‌కి వస్తుందో లేదో ముందే రాయించుకోండి.

లైన్ లాగేటప్పుడు

ఫైబర్‌లో కరెంటు పారదని అందరూ ధీమాగా ఉంటారు. గాజు పోగులో పారదు, నిజమే. కానీ కేబుల్ సాగకుండా చాలా రకాల్లో పక్కనే స్టీల్ తీగ ఇస్తారు. గాలికి అది కరెంటు లైన్ మీద పడితే ఆ కరెంటు మీ గోడదాకా వస్తుంది. స్టీల్ తీగను బయటి గోడ దగ్గరే ఆపించండి. లోపలికి రానివ్వొద్దు.

పని అయ్యాక పవర్ మీటర్ (ఫైబర్‌లో కాంతి బలం కొలిచే పరికరం) పెట్టి సిగ్నల్ చూపించమనండి. మైనస్ 20 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) దగ్గర ఉంటే బాగున్నట్టు. మైనస్ 27 దగ్గర ఉంటే సంతకం పెట్టకండి. కాస్త తడికో ఒంపుకో లైన్ పడిపోతుంది.

మిగిలినవి ఇవి

ఆకుపచ్చ కనెక్టర్‌ని నీలం దానికి గుచ్చనివ్వకండి.

ఫైబర్ కొసలోకి కంటితో చూడకండి. ఆ కాంతి కంటికి కనిపించదు, కన్ను మాత్రం పాడవ్వొచ్చు.

ఓఎన్‌టీకీ (ఫైబర్ వచ్చి చేరే పెట్టెకీ) రూటర్‌కీ యూపీఎస్ పెట్టండి. పాత రాగి ల్యాండ్‌లైన్‌కి ఎక్స్ఛేంజ్ నుంచే కరెంటు వచ్చేది, ఫైబర్ ఫోన్‌కి రాదు. యూపీఎస్ లేకుండా కరెంటు పోతే ఆ ఫోన్ నుంచి 108కి కూడా కాల్ వెళ్లదు.

ఉరుములు మొదలైతే డాబా మీది వైర్‌లెస్ నెట్ రేడియో (యాంటెనా పెట్టె) జోలికి వెళ్లకండి. దాని అడాప్టర్ ప్లగ్ ముందే తీసేయండి.

వీధిలో తెగి వేలాడే ఏ తీగనూ ముట్టుకోకండి. "మన నెట్ కేబులే" అని అసలు అనుకోకండి. విద్యుత్ ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి.

కరెంటు స్తంభం మీ ఆఫీసు కుర్రాణ్ని ఎక్కించకండి. ఎంత అర్జెంటైనా సరే.

పనివేళల్లో మెయిన్ లైన్ పీకి, రెండో దాని మీద బిల్లు కొట్టి చూడండి. కెమెరాలు, వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) స్టాటిక్ ఐపీ (ఆ లైన్‌కి ఇచ్చిన, మారని నెట్ చిరునామా) మీద నడుస్తుంటే అవి ఆగిపోతాయేమో అప్పుడే తెలుస్తుంది.

లైన్‌మన్ నంబరు, కస్టమర్ ఐడీ కాగితం మీద రాసి గోడకు అంటించండి.

ఈ వారంలోనే గేటు నుంచి జాయింట్ బాక్స్ దాకా నడిచి, రెండు కేబుళ్లూ ఫొటో తీయండి. ఒకే స్తంభం మీద కనిపిస్తే ఆ ఫొటో రెండో కంపెనీకి పంపండి. దారి మార్చేదాకా వచ్చే నెల రెన్యువల్ చేయకండి.