సీటీ స్కాన్‌కు వెళ్తున్నారా? రేడియేషన్ డోసు సంగతి ఇలా చూసుకోండి

ములుగు, జనగామ, భూపాలపల్లి నుంచి వరంగల్‌కు రెఫర్ అయి వచ్చేటప్పుడు పాత ఫిల్ములు, సీడీ, రిపోర్టు మూడూ సంచిలో పెట్టుకోండి. అనవసరపు రేడియేషన్ తప్పించుకోవడానికి రోగి చేతిలో ఉన్న పెద్ద ఉపాయం ఇదే. ఫిల్ము మీద కొన్ని బొమ్మలే ఉంటాయి, సీడీలో అన్నీ ఉంటాయి. అది లేకపోతే అదే స్కాన్ మళ్ళీ తీయాల్సి రావచ్చు.

నేల, గాలి, తిండి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టుల (రేడియేషన్ డోసు కొలత) రేడియేషన్ ఎలాగూ అందుతుంది. ఛాతీ ఎక్స్‌రేతో అందేది సుమారు 0.02, అంటే మూడు రోజుల వాటా. దానికి భయపడి ఎక్స్‌రే మానుకోవద్దు. తల సీటీకి 2, కడుపు సీటీకి 8 నుంచి 10 వరకు పడుతుంది. ఇక్కడా ముప్పు చిన్నదే, కానీ అవసరం ఉంటేనే తీయించాలి. అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐలలో ఎక్స్‌రే కిరణాలు అసలే ఉండవు. అందుకే పిల్లల కడుపునొప్పికి, పిత్తాశయంలో రాళ్ళకు "ముందు అల్ట్రాసౌండ్‌తో తేలదా సార్?" అని అడగండి. కాంట్రాస్ట్ సీటీ (బొమ్మ స్పష్టంగా కనబడేందుకు మందు ఇచ్చి తీసేది) రాస్తే, మందు లేకుండా తీసే ప్లెయిన్ కూడా కావాలా అని అడగండి. తీసిన ప్రతిసారీ డోసు కలుస్తూ పోతుంది.

స్కాన్ చేసే భాగంలో లోహం ఉంటే బొమ్మ మీద చారలు పడతాయి. పుస్తెలతాడు, తాయెత్తు, వెండి మొలతాడు, జడపిన్నులు ముందే తీసి ఇంటివాళ్ళకు ఇవ్వండి. ఊపిరి బిగపట్టమన్నప్పుడు కదిలితే మళ్ళీ తీయాలి. కాబట్టి బల్లెక్కక ముందే రెండుసార్లు సాధన చేయండి. స్కాన్ జరిగే భాగం మీద సీసం ఏప్రాన్ కప్పమని పట్టుబట్టవద్దు. అది అడ్డొస్తే మిషను డోసును తానే పెంచేస్తుంది. పిల్లవాణ్ణి పట్టుకోక తప్పకపోతే పట్టుకునేవారు ఏప్రాన్ వేసుకోవాలి. ఆ పని గర్భిణికి అప్పగించవద్దు.

స్కాన్ అయ్యాక డోసు రిపోర్టు అడిగి డీఎల్‌పీ (స్కాన్ మొత్తానికి మిషను చూపించే డోసు లెక్క) అంకె చూడండి. పెద్దవాళ్ళకు ఛాతీ అయితే 0.014తో, కడుపు అయితే 0.015తో, తల అయితే 0.0021తో గుణిస్తే మిల్లీసీవర్టుల్లో డోసు వస్తుంది. కడుపు సీటీకి డీఎల్‌పీ 600 ఉంటే దాదాపు 9 మిల్లీసీవర్టులు. పిల్లల గుణకాలు వేరు.

మిషను ఆగగానే కిరణాలూ ఆగిపోతాయి, ఒంట్లో ఏమీ మిగలదు. ఇంటికొచ్చి చంటిబిడ్డను ఎత్తుకోవచ్చు. పెట్ స్కాన్, బోన్ స్కాన్ సంగతి వేరు. వాటిలో కిరణాలు వెదజల్లే మందును ఒంట్లోకే ఎక్కిస్తారు కాబట్టి అక్కడ చెప్పినంతసేపు పసిపిల్లలకు, గర్భిణులకు దూరంగా ఉండాలి.

నెల తప్పి ఉంటే ముందే చెప్పండి. స్కాన్ అయ్యాక తెలిసినా కంగారు పడవద్దు. 50 మిల్లీగ్రేల (పిండం పీల్చుకున్న రేడియేషన్ కొలత) లోపు డోసుతో పిండానికి లోపాలు పెరిగినట్టు తేలలేదు, మామూలుగా ఒక్క కడుపు సీటీ ఆ గీతకు లోపలే ఉంటుంది. డోసు లెక్క కట్టించి, డాక్టరుతో మాట్లాడకుండా అబార్షన్ నిర్ణయం తీసుకోవద్దు.