పురుగుమందు కొట్టే ముందు వరి దుబ్బు మొదట్లోకి తొంగి చూడండి

మా మరిదిగారబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం మానేసి పోయిన సార్వాకి, అంటే వానాకాలం పంటకి, చేలోకి దిగాడు. ఊడ్పులై, అంటే వరినాట్లు పడి, ఇరవై రోజులు కాలేదు, తెల్లారకుండానే ఫోను.

"దొడ్డమ్మా, చేలో పురుగు పడింది. ఏం కొట్టమంటావ్?"

"ఏం పురుగురా?"

"పేరు తెలీదు. ఎగురుతోంది."

"ఎన్నున్నాయి?"

"బోల్డు."

వెళ్ళి చూస్తే ఆ ఎగిరేవాటిలో సగం తూనీగలు. మిగతా సగం నీళ్ళమీద ముసురుకునే కుట్టని దోమలు, వాటివల్ల వరికి వీసమెత్తు నష్టం లేదు. అంటే వీడు చంపబోతున్నది కాపలావాళ్ళనీ, ఆ కాపలావాళ్ళు తినే కూడునీ. ఆ రోజు గట్టుమీద కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. తణుకు దగ్గర మాకు మూడెకరాలు. నేను చదివింది పదో తరగతి, మిగతాది పొలంబడిలోనూ (రైతులకి చేలోనే పాఠం చెప్పే బడి), నష్టపోయీ నేర్చుకున్నాను.

ముందు వేళ సంగతి. మంచు ఆరకముందే వెళ్ళాలి, ఆరున్నర ఏడు మధ్య. అప్పుడైతే ఆకుల మధ్య సాలెగూళ్ళన్నీ మంచుబొట్లతో తెల్లగా మెరుస్తూ వాటంతటవే కనపడతాయి. ఎండెక్కాక అవే గూళ్ళు కళ్ళముందున్నా కనిపించవు. చేతిలో ఒక తెల్ల పళ్ళెం, పిల్లల భూతద్దం, మూతికి గుడ్డ కట్టిన సీసా, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. గట్టు వారనే నడిచి చూసొచ్చామనుకోకండి. గట్టు పక్క చేను ఎప్పుడూ వేరేగా ఉంటుంది. ఒక మూలనుంచి ఎదుటి మూలకి ఐమూలగా నడుస్తూ ఇరవై దుబ్బులు చూడండి.

దుబ్బు చూడ్డమంటే పైనుంచి ఆకులు చూడ్డం కాదు. వంగాలి. నడుం నొప్పి మాట నాకు చెప్పకండి, నాకూ ఉంది. మొదట్లో నీళ్ళని ఆనుకుని పళ్ళెం పెట్టి, దుబ్బుని పక్కకి వంచి అరచేత్తో రెండు మూడుసార్లు తట్టండి. పళ్ళెంలో రాలినవాటిని అవి తేరుకుని పారిపోయేలోగా లెక్కపెట్టాలి. మొదటి పదిసార్లూ లెక్క తప్పుతుంది, తప్పనివ్వండి.

గోధుమరంగులో, బియ్యపుగింజలో సగమంత ఉండి, పక్కకి జరిగి జరిగి దాక్కునేది సుడిదోమ. దోమ అన్నామని మనల్ని కుడుతుందనుకునేరు, అది పీల్చేది వరి రసాన్నే. చేలో అక్కడక్కడా సుడులు సుడులుగా మాడ్చేస్తుంది కాబట్టి ఆ పేరు. గుడ్లు ఆకు తొడుగు లోపల పెడుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పనుంది.

ఇక దాన్ని తినేవాళ్ళు. పళ్ళెంలో పడగానే పరుగు లంకించుకునేది, వీపుమీద కొమ్మలా చీలిన తెల్లచార ఉండేది వేట సాలీడు. ఇది గూడు కట్టదు, దుబ్బు మొదట్లో తిరుగుతూ వేటాడుతుంది. రోజుకి ఐదునుంచి పదిహేను దోమల్ని తింటుంది. ఒక్కోసారి వెనకాల తెల్లటి గుడ్లసంచి వేలాడేసుకుని, ఇంకోసారి వీపునిండా పిల్లల్ని ఎక్కించుకుని కనిపిస్తుంది. ఆకుమీద కాళ్ళు ముందుకీ వెనక్కీ చాపుకుని పుల్లలా అతుక్కుని ఉండేది ఇంకో రకం సాలీడు. ఎర్రటి అక్షింతల పురుగు మీకు తెలిసిందే. సన్నటి సూది తూనీగ దుబ్బుల మధ్య కిందుగా ఎగురుతూ కూర్చున్న దోమని ఎత్తుకుపోతుంది.

వీటన్నిటికంటే ఎక్కువ పనిచేసేదీ, ఎక్కువమంది పొరపడేదీ మిరిడ్ నల్లి. మూడు మిల్లీమీటర్లుంటుంది, పచ్చగా, తలమీదా భుజాలమీదా నలుపు. వరి రసం పీల్చే పచ్చదోమ అనుకుని దీనికోసం మందు కొట్టినవాళ్ళని నేనెరుగుదును. తేడా చూడ్డం తేలికే. పచ్చదోమ వేలు పెడితే గెంతుతుంది. మిరిడ్ నల్లి పొడుగు కాళ్ళతో గబగబా పరుగెడుతుంది. సుడిదోమ ఆకు తొడుగులో గుడ్లు దాచిందన్నానే, అక్కడికి సూదిలాంటి మూతి దించి గుడ్డు గుడ్డుకీ రసం పీల్చేసేది ఇదే. మనం కొట్టే మందు చాలామటుకు ఆ తొడుగు లోపలికి వెళ్ళదు. దీని మూతి వెళ్తుంది.

నీళ్ళమీద కూడా చూపు వెయ్యండి. చీమతలంత నల్లటి నల్లులు గుంపులుగా జారుతూ కనిపిస్తాయి. గాలికో, మన చెయ్యి తగిలో దోమ నీళ్ళలో పడిందా, నాలుగైదు ఒక్కసారిగా మీదపడి పీల్చేస్తాయి. మావాడికి ఇది చూపించడానికి కావాలనే ఒక దుబ్బు తట్టాను. అర నిమిషం పట్టలేదు. వాడు సెల్లు తీసి వీడియో పెట్టేలోపే పని అయిపోయింది.

నమ్మకం కుదరకపోతే ఇంట్లో పరీక్ష పెట్టుకోండి. రెండు పెద్ద సీసాలు తీసుకుని రెండిట్లోనూ తడిమట్టితో సహా ఒక్కో వరిపిలక పెట్టి, పదేసి సుడిదోమల్ని వదలండి. ఒకదాంట్లో వేట సాలీణ్ణి కూడా వదిలి, రెండు సీసాల మూతులకీ పల్చటి గుడ్డ కట్టి నీడన ఉంచండి. మర్నాడు పొద్దున లెక్కపెట్టండి. మా పొలంబడిలో ఈ సీసాల్ని పురుగుల జూ అనేవాళ్ళం. మావాడి సీసాలో పదికి మూడు మిగిలాయి. రెండు సాలీళ్ళు వేస్తే ఇంకా త్వరగా అవుతుందని రెండోది కూడా వేశాడు, తెల్లారేసరికి ఒక సాలీడే ఉంది. సాలీడు మన పాలేరు కాదు. దానికి దొరికింది తింటుంది, మిరిడ్ నల్లినీ తింటుంది, పక్క సాలీణ్ణీ తింటుంది. మొత్తం మీద లెక్క మనవైపు ఉంటుందంతే.

ఇప్పుడు అసలు ప్రశ్న. సుడిదోమ పెరిగేది పొట్ట దశకి, అంటే కంకి ఇంకా ఆకు తొడుగులోనే ఉండే దశకి, అటూ ఇటూ. మరి ఊడ్చిన పదిహేనో రోజునే చేలో ఉన్న సాలీళ్ళు అన్నాళ్ళూ ఏం తిని బతుకుతాయి? నేను మొదట్లో ఇది ఆలోచించనే లేదు. జవాబు బురదలో ఉంది. దున్నేటప్పుడు ఎరువుకని తొక్కేసిన జీలుగ మొక్కలు, పశువుల పెంట, దుబ్బుకొయ్యలు నీళ్ళలో కుళ్ళుతాయి. ఆ కుళ్ళుని తిని దారప్పోగుల్లాంటి పురుగులు పెరిగి, రెక్కలొచ్చి పైకి లేస్తాయి. మావాడు భయపడిన కుట్టని దోమలివే. సాలీడుకి మొదటి నెల భోజనం ఇవి. వీటిని తిని గుడ్లు పెట్టి సంఖ్య పెంచుకుంటాయి కాబట్టే, సుడిదోమ దిగే వేళకి చేలో తినేవాళ్ళు సిద్ధంగా ఉంటారు. జావా దీవి వరిచేలల్లో 1990ల్లో శాస్త్రవేత్తలు లెక్కలు తీసి చెప్పింది కూడా ఇదే. పెంట తోలడం భూమికి బలం కోసమే అనుకునేదాన్ని. సాలీడుకి మేత కూడా అని తెలిశాక ట్రాక్టరు కిరాయికి బాధపడ్డం తగ్గింది.

తెలియక ముందు నేను చేసిన పని చెప్తాను. పదిహేనేళ్ళ పైమాట. స్వర్ణ వేశాం. మార్టేరు వరి పరిశోధనా కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఈ రకం దిగుబడికి పెట్టింది పేరు, సుడిదోమకి మాత్రం తట్టుకోదు. ఊడ్చిన పాతికో రోజున అక్కడక్కడా నాలుగాకులు ముడుచుకుని తెల్లబారాయి. మందుల కొట్లో అడిగితే ఒక డబ్బా ఇచ్చి, ముందుజాగ్రత్తకి రెండుసార్లు కొట్టమన్నాడు. కొట్టించాం. చేను అద్దంలా ఉంది, ఒక్క సాలెగూడు లేదు. నాకు ముచ్చటేసింది కూడాను. పొట్ట దశలో ఒక మూల బండిచక్రమంత మాడింది. వారానికి గది అంత అయింది. తర్వాత మళ్ళీ కొట్టాం, మళ్ళీ వచ్చింది. ఎకరాకి ముప్ఫై బస్తాలు రావాల్సింది పదిహేడు దిగాయి.

జరిగిందేమిటంటే, ఆ మందుకి సాలీళ్ళూ మిరిడ్ నల్లులూ పోయాయి, ఆకు తొడుగులో గుడ్లు మిగిలాయి. వారం పదిరోజుల్లో పిల్లలు బయటికొచ్చేసరికి తినేవాళ్ళు లేరు. యూరియా కూడా దండిగా వేశామేమో, మెత్తటి పైరు దోమకి ఇంకా రుచించింది. ఇండోనేషియాలో దేశం దేశమే ఇలా దెబ్బతిని, 1986లో అక్కడి ప్రభుత్వం వరిమీద 57 రకాల మందుల వాడకం నిషేధించింది. 1989లో రైతుల్ని చేలోనే కూర్చోబెట్టి పురుగుల లెక్క నేర్పడం మొదలుపెట్టారు. మన పొలంబడికి మూలం అదే.

కాబట్టి నా పద్ధతి ఇది. ఊడ్చిన మొదటి నలభై రోజులూ ఆకు తినే పురుగు కనపడిందని చెప్పి మందు డబ్బా ముట్టను. ఆ వయసులో వరి కొన్ని ఆకులు పోయినా కొత్త పిలకలేసి సర్దుకుంటుంది. తర్వాత వారానికోసారి ఇరవై దుబ్బుల లెక్క. పేజీ మధ్యలో గీత గీసి ఎడమవైపు పైరుని పాడుచేసే పురుగులు, కుడివైపు వాటిని తినేవి రాస్తాను. ఎడమవైపు రెండుంటే కుడివైపు ఒకటున్నా చాలు, ఆగుతాను. పిలకల దశలో దుబ్బుకి 10 నుంచి 15 దోమలు, ఈనిన తర్వాత, అంటే కంకి బయటికొచ్చాక, 20 నుంచి 25 దాటి, కుడివైపు ఖాళీగా ఉంటేనే మందు. అదీ చేనంతా కాదు, దోమ ఉన్న చోట, దుబ్బు మొదళ్ళు తడిసేలా.

మందుకి ముందు చేసే పని ఇంకోటుంది, నీళ్ళు తీసేసి మూడు నాలుగు రోజులు ఆరబెట్టడం. తడీ నీడా తగ్గితే దోమకి గిట్టదు. కాకపోతే నీళ్ళమీది నల్లులు కూడా పోతాయి, అది నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. అందుకే ఊడ్చేటప్పుడే రెండు మీటర్లకోసారి 20 సెంటీమీటర్ల కాలిబాటలు తూర్పు పడమరలుగా వదిలిస్తాను. గాలీ వెలుతురూ మొదట్లోకి దిగుతాయి, ఊరికే నీళ్ళు తియ్యాల్సిన పని తగ్గుతుంది. ఊడ్చే ముఠాలకి ఈ బాటలంటే చిరాకు. గట్టుమీద నిలబడి చెప్పాల్సిందే.

పిలక కాండాన్ని లోపల్నుంచి తొలిచే మొగి పురుగుకి వేరే చూపు కావాలి. దాని రెక్కలపురుగు నారు కొసల్లో గుడ్లు పెట్టి పైన గోధుమరంగు నూగు కప్పుతుంది. నాటే ముందు నారు కొసలు తుంచెయ్యమనేది అందుకే. చేలో దొరికిన గుడ్ల ముద్దని నలిపెయ్యకండి. ఆకుతో సహా సీసాలో వేసి గుడ్డ కట్టి వారం ఉంచండి. ఒక్కోదాంట్లోంచి పురుగు పిల్లలొస్తాయి. ఒక్కోదాంట్లోంచి ఆవగింజంత కూడా ఉండని కందిరీగలొస్తాయి, ఆ గుడ్లలో తమ గుడ్లు పెట్టినవన్నమాట. ఇది చూశాక నేను సీసాని నీళ్ళ పళ్ళెం మధ్యలో మూత తీసి పెడుతున్నాను. పురుగు పాకుతూ వచ్చి నీళ్ళలో పడుతుంది, కందిరీగ ఎగిరి చేలోకి పోతుంది. ఈ కందిరీగలకి పూలతేనె కావాలి, కాబట్టి గట్టుమీద నువ్వులు, బంతి చల్లుతాను. కోతలప్పుడు సాలీళ్ళకి తలదాచుకోను నాలుగు గడ్డికట్టలు గట్టుమీద వదిలేస్తాను.

పిట్టల సంగతి తేలిక. టీ ఆకారంలో కర్రలు ఎకరాకి పది పాతితే పసుల పోలిగాడు వచ్చి కూర్చుని ఎగిరే పురుగుని గాల్లోనే పట్టుకుంటాడు. గింజ పాలు పోసుకోగానే మాత్రం పీకెయ్యాలి, లేకపోతే అవే కర్రలమీద కూర్చుని పిచ్చుకలు మన గింజలు తింటాయి. రాత్రిపూట ఆ కర్రమీదికి తెల్లమొహం గుడ్లగూబ వస్తుంది. మావైపు చావుపిట్ట అని తరిమేస్తారు. కర్రకింద అది కక్కిన నల్లటి ఉండ ఒకటి నీళ్ళలో నానబెట్టి విప్పాను. బొచ్చు, చిన్న చిన్న ఎముకలు, నాలుగు ఎలుక దవడలు, వాటి పసుప్పచ్చటి పళ్ళతో సహా ఉన్నాయి. అది చూశాక మా అత్తగారు కూడా తరమడం మానేశారు. విషం తిన్న ఎలుకని తింటే ఆ పిట్టకీ విషమే కాబట్టి, ఎలుకలకి నేను ముందు బుట్టలు పెట్టి పట్టేవాళ్ళనే పిలుస్తాను. పంట చిన్నగా ఉన్నప్పుడే పిలవాలి, ఈనాక బుట్టలు పెట్టి పెద్ద లాభం లేదు.

మొన్న మావాడు మళ్ళీ ఫోన్ చేశాడు. "దొడ్డమ్మా, సగటున దుబ్బుకి దోమ ఏడు, సాలీళ్ళు రెండు, మిరిడ్ నల్లి మూడు. ఇంకా ఈనలేదు. కొట్టొద్దుగా?"

"నీళ్ళెంతున్నాయి?"

"రెండంగుళాలు."

"ఉండనీ. ఆదివారం మళ్ళీ లెక్కపెట్టి చెప్పు."