ఇంటిల్లిపాదికీ మూకీ కామెడీ చూపించడం ఎలా?

కామెడీ సినిమాలంటే చెవి కోసుకునేవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. తాము నవ్విన చోట ఇంట్లోవాళ్ళు కూడా నవ్వాలి. లేకపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు. నాకా జబ్బు బాగా ముదిరింది. పైగా నేను చూపించేవి మామూలు సినిమాలు కూడా కావు, నూరేళ్ళ కిందటి నలుపు తెలుపు మూకీలు. "మాటల్లేవు, పాటల్లేవు, రంగుల్లేవు. ఇంక ఉన్నదేమిట్రా అందులో?" అనేవాడు మా బావ. ఇప్పుడు మూకీల నాటి అమెరికన్ హాస్యనటుడు బస్టర్ కీటన్ సినిమా పెడుతున్నానంటే అందరికంటే ముందు సోఫా ఎక్కేది ఆయనే. ఈ మార్పుకి సగం కారణం కీటన్, మిగతా సగం టీవీ ముందు నేను పడ్డ తిప్పలు. ఆ తిప్పలు మీకు తప్పాలని ఇది రాస్తున్నాను.

ముందు మనుషులు

సినిమా వెతుక్కునే ముందు మనుషుల్ని పోగెయ్యండి. నవ్వు మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, ఒంటరిగా ఉన్నప్పటికంటే నలుగురిలో ఉన్నప్పుడు మనం సుమారు 30 రెట్లు ఎక్కువ నవ్వుతామని తేల్చాడు. అమెరికా టీవీవాళ్ళు ఈ కిటుకు ముందే పట్టేశారు. 1950ల్లో చార్లీ డగ్లస్ అనే సౌండ్ ఇంజనీరు, మీట నొక్కితే రికార్డు చేసిన నవ్వులు వినిపించే పెట్టె ఒకటి తయారుచేశాడు. చిరునవ్వుకో మీట, పగలబడి నవ్వడానికో మీట. మా ఇంట్లో ఆ పెట్టె మా పిన్ని. టీవీలో ఎవడైనా కాలు జారబోతున్నాడంటే చాలు, వాడు పడకముందే ఆవిడ నవ్వు మొదలైపోతుంది.

ఇలాంటి మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. వాళ్ళని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టండి. ముఖం ముడుచుకుని వచ్చినవాళ్ళని వాళ్ళ పక్కనే వెయ్యండి. దూరంగా కూర్చోబెడితే వాళ్ళు ఫోన్ తీస్తారు, ఆ వెలుగు పక్కవాళ్ళకి కూడా అంటుకుంటుంది. ఫోన్లు లాక్కోవడం వగైరా చెయ్యకండి, కామెడీ చూడబోయే ముందు గొడవ దేనికి?

ఒక్క నిమిషంతో మొదలు

మొదటి రోజే గంటన్నర సినిమా పెట్టారంటే మీ పని అయిపోయినట్టే. ఒక్క నిమిషం కూడా లేనిదానితో మొదలుపెట్టండి. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బు తీసుకుని జనానికి చూపించిన పది చిట్టి సినిమాల్లో ఒకటుంది. తోటమాలి పైపుతో నీళ్ళు పడుతుంటాడు. వెనక నుంచి ఒక కుర్రాడు వచ్చి పైపు తొక్కుతాడు. నీళ్ళు ఆగిపోతాయి. ఏమైందబ్బా అని తోటమాలి పైపు మూతిలోకి తొంగి చూస్తాడు. కుర్రాడు కాలు తీస్తాడు. అంతే! సినిమాల్లో మొదటి కామెడీ ఇదే అని చాలామంది చెబుతారు. మా మేనకోడలు చూసి, "మామయ్యా, ఇది రీల్ కదా" అంది. రీలే మరి. నూట ముప్ఫయ్యేళ్ళ కిందటి రీలు అనుకుంటే పిల్లలకి వెంటనే ఎక్కుతుంది.

ఆ తర్వాత రెండు రీళ్ళ (అంటే రెండు ఫిల్ము చుట్టల) సినిమాలకి వెళ్ళండి. ఇవి ఇరవై, పాతిక నిమిషాల్లో అయిపోతాయి. నేను పెట్టేది కీటన్ 1920లో తీసిన 'వన్ వీక్'. కొత్త దంపతులకి పెట్టెల్లో ఇల్లు వస్తుంది, నంబర్ల ప్రకారం బిగించుకోవాలి. ఆ పిల్ల కాదన్న కుర్రాడొకడు పెట్టెల మీద నంబర్లు మార్చేస్తాడు. ఇక ఇల్లు ఎలా లేస్తుందో మీరే చూడండి. ఏ సామానైనా ఇంటికి తెచ్చుకుని మరలు బిగించినవాళ్ళందరికీ ఈ బాధ తెలుసు, కాబట్టి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

మాటలు కావాలని మరీ గొడవ చేస్తే లారెల్, హార్డీ అనే హాస్య జంట నటించిన 'ది మ్యూజిక్ బాక్స్' పెట్టండి. 1932 నాటికి మాటలొచ్చేశాయి. అరగంట సినిమా, ఉన్నది ఒక్కటే పని: పియానోని మెట్ల మీదుగా పైకి చేర్చడం. లాస్ ఏంజెలిస్‌లో ఆ మెట్లు ఇప్పటికీ ఉన్నాయి, మొత్తం 133. కామెడీ లఘుచిత్రాల విభాగంలో దీనికి ఆస్కార్ కూడా వచ్చింది.

చాప్లిన్‌తో మాత్రం మొదలుపెట్టకండి. ఇది నా అభిప్రాయమే, కోప్పడేవాళ్ళు కోప్పడవచ్చు. "ఆ, చాప్లిన్ మాకు తెలుసులే" అని అందరూ ముందే తీర్మానించేసుకుని కూర్చుంటారు. పైగా ఆయన నవ్వించి నవ్వించి చివర్లో ఏడిపిస్తాడు. నవ్వుదామని వచ్చినవాళ్ళని మొదటి రోజే ఏడిపించి పంపితే రెండోసారి రారు.

ప్రింటు, వేగం, టీవీ సెట్టింగులు

అసలు కష్టం ఇక్కడుంది. 1920ల నాటి సినిమాల్లో చాలావాటికి అమెరికాలో కాపీరైట్ తీరిపోయింది. అందుకే ఇంటర్నెట్‌లో ఒక్కో సినిమాకి పది పదిహేను కాపీలు దొరుకుతాయి. బూజు పట్టిన కాపీ, సగం కోసేసిన కాపీ, ఏ సంగీతం పడితే అది అతికించిన కాపీ. మొదట కనిపించినది నొక్కెయ్యకుండా నాలుగైదు తెరిచి, ఒకే సీన్‌ని అన్నింట్లోనూ చూడండి. ముఖాలు తెల్లగా సున్నం కొట్టినట్టు కాకుండా కళ్ళూ ముక్కూ తెలిసేది ఎంచుకోండి. కీటన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. చిన్నప్పటి నుంచీ స్టేజీ ఎక్కిన ఆ మనిషి, తను నవ్వకుండా ఉంటేనే జనం ఎక్కువ నవ్వుతున్నారని అప్పుడే కనిపెట్టాడు. కాబట్టి ఆయన నటన అంతా కళ్ళల్లోనే ఉంటుంది. కళ్ళు కనిపించని ప్రింటులో కీటన్‌ని చూడటం కంటే చూడకపోవడమే నయం.

తర్వాత వేగం. "పాత సినిమాల్లో అందరూ ఎందుకలా గబగబా గెంతుతారు?" అని అడగనివాళ్ళు లేరు. అప్పట్లో కెమెరాని చేత్తో తిప్పేవాళ్ళు. సెకనుకి 16 బొమ్మలో 18 బొమ్మలో, ఒక్కోసారి అంతకంటే ఎక్కువో పడేవి. మాటలొచ్చాక 24 బొమ్మలు ఖాయమైపోయాయి. 16తో తీసినదాన్ని 24తో ఆడిస్తే నిమిషం సీన్ 40 సెకన్లలో పరుగెత్తిపోతుంది. మంచి కాపీల్లో దీన్ని సరిచేసే పెడతారు. చెయ్యని కాపీ మీ చేతిలో పడితే ప్లేయర్‌లో వేగం 0.75కి తగ్గించండి. 18 బొమ్మలతో తీసిన సినిమా అయితే సరిగ్గా అతుకుతుంది.

సరైన వేగమో కాదో తెలుసుకోవడానికి నటుణ్ణి చూడకండి. వాడు కావాలనే గెంతుతాడు, వాణ్ణి నమ్మలేం. వెనక రోడ్డు మీద పోయే జనాన్ని చూడండి. ఒలికే నీళ్ళు, లేచే దుమ్ము, కిందపడే టోపీ చూడండి. వాటికి నటన రాదు కదా. అవి మామూలుగా కదులుతుంటే వేగం సరిపోయినట్టే. ఒక్క మాట: పరుగు పందెం లాంటి సీన్లలో కెమెరాని కావాలనే నెమ్మదిగా తిప్పి, తెరమీద వేగం పెంచేవాళ్ళు. ఆ హడావుడి వాళ్ళు కోరుకున్నదే, దాని జోలికి పోకండి.

ఇప్పుడు టీవీ. ఆనాటి బొమ్మ వెడల్పూ ఎత్తూ 4:3 నిష్పత్తిలో ఉంటాయి, మన టీవీలు 16:9. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి. ఆ పట్టీలు చూసి ఎవరో ఒకరికి చెయ్యి ఊరుకోదు, రిమోట్ తీసుకుని తెర నిండా సాగదీస్తారు. అందరూ పొట్టిగా, లావుగా తయారవుతారు. సాగదీయకుండా జూమ్ చేస్తే ఇంకా ఘోరం. వెడల్పు నిండేసరికి ఎత్తులో పావు వంతు ఎగిరిపోతుంది. పోయేది తలలూ పాదాలూ. మూకీ కామెడీలో సగం కథ పాదాల దగ్గరే నడుస్తుంది. చాప్లిన్ మూల తిరిగేటప్పుడు ఒంటికాలి మీద ఎలా జారతాడో చూడాలంటే ముందు ఆ కాలు తెరమీద ఉండాలి కదా! నల్ల పట్టీలు ఉంటే కొంప మునగదని చెప్పి రిమోట్ మీ దగ్గరే పెట్టుకోండి.

అలాగే పిక్చర్ సెట్టింగుల్లో 'మోషన్' అన్న మాట ఎక్కడ కనిపించినా ఆపెయ్యండి. రెండు బొమ్మల మధ్య లేని బొమ్మని టీవీ తనే కల్పించి పెడుతుంది. దాంతో అంతా నూనె రాసినట్టు జారిపోతూ కనిపిస్తుంది. దెబ్బ తగిలిన ఆ ఒక్క క్షణం మెత్తబడిపోతుంది. దెబ్బ మెత్తబడితే నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది?

సంగీతం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మనిషి పడ్డప్పుడూ లేచినప్పుడూ ఒకే పియానో ముక్క తిరుగుతుంటే సౌండ్ తీసెయ్యండి. గదిలో వాళ్ళ నవ్వే మంచి సంగీతం.

కార్డులు ఎవరు చదవాలి?

మధ్యమధ్యలో పాత్రల మాటలూ కథా రాసిన ఇంగ్లీషు కార్డులు తెరమీదకి వస్తాయి. మా అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు, మేనకోడలు కూడబలుక్కుని చదివేలోపు కార్డు పోతుంది. జపాన్‌లో మూకీల కాలంలో దీనికి 'బెన్షి' అనే ఉద్యోగమే ఉండేది. తెర పక్కన నిలబడి కథ చెబుతూ, పాత్రలకి గొంతులు కూడా పెట్టేవాళ్ళు. సినిమాతో సమానంగా వాళ్ళ పేరు చూసి జనం వచ్చేవాళ్ళు.

మా ఇంటి బెన్షి మా బావ. దీనికో కారణం ఉంది. "చూడు చూడు, ఇప్పుడు పడతాడు" అని ముందే చెప్పేసే అలవాటు ఆయనది. వద్దంటే మానేది కాదు. అందుకని కార్డుల పని అప్పగించాను. షరతులు రెండే. కార్డు పడ్డాకే నోరు విప్పాలి, ఒక్క వాక్యంలో ముగించాలి. మొదట్లో కార్డుని పద్యంలా సాగదీసేవాడు. ఇప్పుడు "ఆమె పొమ్మంటోంది", "వీడు పోనంటున్నాడు" అంటూ ముక్తసరిగా కానిస్తున్నాడు. తర్వాతి కార్డు కోసం కాచుకుని ఉండేసరికి ముందుగా చెప్పే తీరికే దొరకట్లేదు.

కార్డుల బెడదే వద్దనుకుంటే 'ది గోల్డ్ రష్' ఉంది. చాప్లిన్ దాన్ని 1925లో మూకీగా తీసి, 1942లో కార్డులు పీకేసి, సంగీతం చేర్చి, తన గొంతుతోనే కథ చెబుతూ మళ్ళీ విడుదల చేశాడు. నిడివి కూడా తగ్గించాడు. నాకు 1925దే ఇష్టం. ఏది పెడుతున్నారో ముందే చూసుకోండి, ఒకటి అనుకుని ఇంకోటి పెట్టేస్తారు.

ముచ్చట్లు తర్వాత

తెర వెనక కబుర్లు మనకి నోటి చివరే ఉంటాయి. ఆపుకోండి. 1928 నాటి 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లో తుఫానుకి ఒక ఇంటి ముందు గోడ మొత్తం విరిగి కీటన్ మీద పడుతుంది. పై కిటికీ ఖాళీ సరిగ్గా ఆయన నిలబడ్డ చోటికి వస్తుంది. మెడ మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడి ఉంటాడు. మొదటిసారి చూసినవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. సినిమా అయ్యాక వెనక్కి తిప్పి, అది ట్రిక్కు కాదు, గోడ నిజంగానే పడింది, రెండు టన్నుల బరువు అంటారు, పక్కకి కొద్ది అంగుళాలు జరిగి ఉంటే మనిషి మిగిలేవాడు కాదు అని అప్పుడు చెప్పండి. ముందే చెబితే భయపడతారు గానీ నవ్వరు.

ఆ కాలపు మరో హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ గడియారం ముల్లు పట్టుకుని వేలాడే 1923 నాటి 'సేఫ్టీ లాస్ట్!' కూడా అంతే. అంతకు నాలుగేళ్ళ ముందు ఫోటోల కోసం ఉత్తుత్తి బాంబు అనుకుని పట్టుకున్నది నిజంగా పేలి, ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ పోయాయి. సినిమాల్లో తొడుగు వేసుకుని నటించేవాడు. ఇది చివర్లో చెప్పారంటే, "ఏదీ, ఆ గడియారం సీన్ ఇంకోసారి పెట్టు" అని వాళ్ళే అడుగుతారు.

పిల్లలుంటే సినిమాని ముందు మీరొక్కరే చూసి పెట్టుకోండి. ఆ రోజుల్లో నల్లవాళ్ళని వెటకారం చేసే జోకులు మామూలు, మంచి సినిమాల్లో కూడా ఒకటో అరో తగులుతాయి. కొన్ని దాటవేయాలి, కొన్నింటి గురించి కూర్చుని మాట్లాడాలి.

ఇన్ని చేసినా పది నిమిషాల్లో ఎవరూ నవ్వలేదనుకోండి, ఆపెయ్యండి. జోకు వివరించబోకండి, నవ్వు నాలుగు విధాల చేటో కాదో గానీ జోకు విప్పి చెప్పడం మాత్రం ముమ్మాటికీ చేటే. అలా కాకుండా "ఇంకోటి పెట్టు" అన్నారనుకోండి, అప్పుడూ ఆపెయ్యండి. రెండు పేర్లు చెప్పి, వచ్చే వారానికి ఏది కావాలో అందరికంటే తక్కువ నవ్వినవాళ్ళని ఎంచుకోమనండి. తాను ఎంచిన సినిమాకి ముఖం ముడుచుకుని కూర్చోవడం ఎవరికైనా కష్టమే.