పికప్ ఫుట్ స్టెప్ ఎల్ఈడీ లైట్లు సరిగ్గా వెలగట్లేదా? కొత్తవి కొనే ముందు ఎర్త్ చూడండి

రాత్రి రెండింటికి చెరువు గట్టు మీద పట్టుబడి (రొయ్యలు పట్టే పని) జరుగుతుంటే, బురద కాళ్ళతో రొయ్యల ట్రేలు ఎక్కించే కుర్రోళ్ళు స్టెప్పు కనపడక జారిపడటం నేను చాలాసార్లు చూశా. అందుకే ఈ లైట్లు షోకు కోసమేగా అంటే నేనొప్పుకోను, పికప్‌కి ఉండాల్సిందే. కానీ వేయించుకున్న నెలకో రెండు నెలలకో డిమ్ముగా వెలుగుతున్నాయనో, ఆపినా ఆరట్లేదనో నా షాపుకి వస్తారు, వచ్చేటప్పటికే ఒక సెట్టు మార్చేసి ఉంటారు, కొందరు రెండు సెట్లు కూడా. లైటు చెడిపోవడం నేను చూసినవాటిలో తక్కువే.

వైరు వలవడం, ట్యాగు నొక్కడం, మీటర్ పట్టుకోవడం వచ్చనే అనుకుని రాస్తున్నా. బొలెరో పికప్, టాటా ఏస్, దోస్త్ ఇవన్నీ 12 వోల్టుల బండ్లు, పెద్ద లారీలు 24, ఆ తేడా చూసుకునే లైటు కొనండి.

ముందు చేయాల్సిన చెక్ ఇది, దీన్నే అందరూ వదిలేస్తున్నారు. లైటు మైనస్ వైరుని బాడీ బోల్టు దగ్గర ఊడదీసి, ఒక పొడుగు వైరు బ్యాటరీ మైనస్ నుంచి తెచ్చి నేరుగా దానికి పట్టండి. రెండు నిమిషాల పని. లైటు ఫుల్లుగా వెలిగిందంటే లైటూ బాగుంది, స్విచ్చూ బాగుంది, ప్లస్ లైనూ బాగుంది, పోయింది మీ ఎర్త్, అంటే కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కి పోయే దారి. ఇది చూడకుండా కొట్టుకెళ్ళి కొత్త లైట్లు తేవద్దన్నా, దయచేసి.

సమస్య: డిమ్ముగా వెలుగుతోంది, గతుకు పడితే ఆరి వెలుగుతోంది, బ్రేకు తొక్కితే ఇంకా తగ్గిపోతోంది

కారణం: లోడ్ బాడీకి (వెనక సరుకేసే తొట్టికి) వేసిన ఎర్త్.

ఇది నన్ను బాగా ఏడిపించింది కాబట్టి వివరంగా చెప్తా. విడవలూరు వైపు నుంచి ఒక రొయ్యల బండి వచ్చేది. వెనక స్టెప్పు దగ్గర రెండు లైట్లు, పక్కన రెండు. పగలు షాపులో చూస్తే బ్రహ్మాండంగా వెలిగేవి, రాత్రి లోడుకి పోతే డిమ్ము. నేను లైట్లు మార్చా, స్విచ్ మార్చా, మళ్ళీ లైట్లు మార్చా, ప్రతిసారీ షాపులో బాగానే ఉండేది, వారానికి మళ్ళీ ఫోను. చివరికి ఒకరోజు చీకటి పడ్డాక బండి తెమ్మని, హెడ్‌లైట్లు వేసి బ్రేకు తొక్కమన్నా. తొక్కిన ప్రతిసారీ స్టెప్ లైట్లు సగానికి పడిపోతున్నాయి. ఇండికేటర్ వేస్తే దాంతోపాటే ఇవీ ఊగుతున్నాయి. అప్పుడు అర్థమైంది. పగలు షాపులో పార్కింగ్ లైట్లు వేయం, బ్రేకు తొక్కం, కాబట్టి అక్కడ ఆ తేడా కనపడే అవకాశమే లేదు.

జరిగేది ఏందంటే, చాలా బండ్లలో లోడ్ బాడీకీ ఛాసీకీ (బండి అడుగు ఫ్రేముకీ) మధ్య రబ్బరు ప్యాడో చెక్క ప్యాకింగో ఉంటుంది, బోల్టులేమో రంగు మీదే బిగించి ఉంటాయి. చూడటానికి అంతా ఇనుమే, కానీ కరెంటుకి అది సరైన దారి కాదు. ఆ బాడీకి ఎర్త్ వేస్తే కరెంటు ఎట్టోకట్ట తిరిగి పోవాలి కాబట్టి టెయిల్ లైటు ఎర్త్ వైరు పట్టుకుని పోతుంది. ఒక్క స్టెప్ లైటంటే ఆ సన్నని దారి సరిపోతుంది. బ్రేకు తొక్కితే 21 వాట్ల బల్బులు రెండు, అంటే దాదాపు 3.5 ఆంపియర్లు అదే దారిలో పడతాయి. ఆ జాయింటులో అర ఓమ్ రెసిస్టెన్స్ ఉన్నా చాలు, ఒకటిన్నర వోల్టు పైనే అక్కడే తినేస్తుంది, స్టెప్ లైటుకి మిగిలేది తక్కువ.

మనవైపు ఇంకో గొడవ ఉప్పు. ట్రేల నుంచి ఐసు కరిగి ఉప్పునీళ్ళు కారుతూనే ఉంటాయి, కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం తిరిగే బండ్లకైతే గాల్లోనే ఉప్పు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు సరేసరి. రింగు ట్యాగు పైకి బాగానే ఉంటుంది, కానీ ఇన్సులేషన్ వెనక్కి లాగి చూస్తే రాగి తీగ నల్లగానో పచ్చగా చిలుము పట్టో ఉంటుంది. ఆ విడవలూరు బండిలో జానెడు పొడుగున లోపలికి నల్లబడిపోయింది, వేలితో నలిపితే పొడిగా రాలింది. అల్యూమినియం చెకర్ ప్లేటుకి ఇనుప బోల్టుతో ఎర్త్ వేసినవి ఇంకా తొందరగా పోతాయి, బోల్టు చుట్టూ తెల్లటి పొడి పడితే అదే గుర్తు.

"మీటర్ పెట్టి చూశానన్నా, బీప్ వచ్చింది, ఎర్త్ బాగుంది" అంటారు. తీగలో ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. కరెంటు పారేటప్పుడు కొలవాలి. లైటు వేసి ఉంచి, పార్కింగ్ వేసి, ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని, మీటర్ 20 డీసీలో పెట్టి ఎర్ర ప్రోబ్ లైటు మైనస్‌కి, నల్లది బ్యాటరీ మైనస్ పోల్‌కి పెట్టండి, క్లాంపుకి కాదు పోల్‌కే. 0.1 వోల్టు లోపుంటే బాగున్నట్టు. 0.5 దాటిందంటే ఇంక ఆలోచించక్కర్లేదు, ఎర్త్ మార్చాల్సిందే.

పరిష్కారం: లోడ్ బాడీని ఎర్త్‌గా వాడటం మానేయండి. ప్రతి లైటు మైనస్సూ ఒకచోట కలిపి, 1.5 స్క్వేర్ ఎంఎం నల్ల వైరు ఒకటి ఛాసి మీద బ్యాటరీ ఎర్త్ బిగించిన చోటుకి తీసుకెళ్ళండి, కుదిరితే నేరుగా బ్యాటరీ మైనస్‌కే. ఛాసి మీద వేస్తే రంగు గీకేసి ఎమరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, రింగు ట్యాగు, స్టార్ వాషరు, బోల్టు వేసి గట్టిగా బిగించి, ఆ తర్వాత పైన గ్రీజు పూయాలి. నల్లబడ్డ వైరుని కాస్త కత్తిరించి మళ్ళీ ట్యాగు కొడితే లాభం లేదు, మెరిసే రాగి దొరికేదాకా వెనక్కి వెళ్ళాలి, లేదంటే మొత్తం వైరు మార్చాలి. జాయింట్లకి జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేయండి, ఉత్త టేపు ఉప్పునీళ్ళలో ఎక్కువ రోజులుండదు. అదే చేత్తో టెయిల్ లైట్లకి కూడా కొత్త ఎర్త్ వేయండి, ఎందుకో కింద చెప్తా.

సమస్య: స్విచ్ ఆపేసినా సన్నగా వెలుగుతోంది, లేదా బ్రేకు తొక్కితే దానంతటదే వెలుగుతోంది

స్టెప్ లైటుకి ప్లస్ పార్కింగ్ లైను నుంచి తీసుంటే, బ్రేకు తొక్కినప్పుడు వెలగడమంటే టెయిల్ లైటు ఎర్త్ పోయినట్టే. వెనక బల్బులో 21 వాట్ల బ్రేకు తీగ, 5 వాట్ల పార్కింగ్ తీగ రెండూ ఒకే ఎర్త్ మీదుంటాయి. ఆ ఎర్త్ తెగితే బ్రేకు కరెంటు పార్కింగ్ తీగలోంచి వెనక్కెక్కి పార్కింగ్ లైనంతా పాకుతుంది. ఎల్ఈడీకి రవ్వంత కరెంటు చాలు కాబట్టి ముందు అదే వెలిగి మీకు చెప్తుంది. లైటుని తిట్టుకోకండి, మీ బ్రేకు లైట్లు రేపో మాపో పోతాయని అది ముందే చూపించింది. హైవే మీద రాత్రి బ్రేకు లైటు లేకుండా తిరగడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే.

తలుపు తీస్తే వెలిగేలా వేయించుకున్నవాళ్ళకి ఇంకోటుంటుంది. తలుపు వేస్తే సన్నగా వెలుగుతుంది, తీస్తే ఆరిపోతుంది, అంతా తిరకాసుగా ఉంటుంది. చాలా బండ్లలో డోర్ స్విచ్ మైనస్ వైపుంటుంది, ఆ వైరుని ప్లస్ అనుకుని కలిపేస్తే క్యాబిన్ బల్బులోంచి వచ్చే కరెంటుతో లైటు సన్నగా వెలుగుతుంది. ఎప్పుడూ ఉండే ప్లస్‌ని ఫ్యూజ్ ద్వారా లైటు ప్లస్‌కి ఇచ్చి, లైటు మైనస్‌ని డోర్ స్విచ్ వైరుకి కలపండి, సరిపోతుంది. అట్టా కలిపినా మినుకు మినుకుమంటుంటే డోర్ స్విచ్‌లో తడి చేరింది, మార్చేయండి.

సమస్య: నెలా రెండు నెలలకే లైట్లు చచ్చిపోతున్నాయి

ఇది కొనేటప్పుడు చేసే తప్పు. మీటరు లెక్కన కోసిచ్చే స్ట్రిప్ తెచ్చి అంటిస్తారు. అందులో మూడు ఎల్ఈడీలు వరసగా 9 వోల్టుల దాకా తీసుకుంటే మిగిలిన 3 చిన్న రెసిస్టర్ మీద పడతాయి, అది 12 వోల్టుల లెక్క. ఇంజిన్ నడిచేటప్పుడు బండిలో ఉండేది 14 పైన, 14.4 అనుకోండి, అప్పుడు రెసిస్టర్ మీద 5.4 పడుతుంది. కరెంటు దాదాపు రెట్టింపవుతుంది, వేడికి మాడిపోతాయి. లోపల డ్రైవర్ (వోల్టేజి పెరిగినా కరెంటు పెరగనివ్వని చిన్న సర్క్యూట్) ఉండి 10 నుంచి 30 వోల్టులని రాసున్న, అల్యూమినియం బాడీ లైటు తీసుకోండి. స్టెప్పుకి ఒక వాట్ లైటు చాలు, ఎక్కువ వేస్తే బండి నడిపేవాడికి అద్దంలో కొడుతుంది. వెలుగు కిందకే పడాలి, ముందు వైపుకి ఎర్ర లైటు అసలు వద్దు. నీళ్ళ సంగతికొస్తే, లైటు మీద రాసుండే ఐపీ అంకె (నీళ్ళూ దుమ్మూ ఎంత తట్టుకుంటుందో చెప్పేది) 67 ఉంటే మీటరు లోతులో అరగంట తట్టుకుంటుంది, కానీ వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టి కొడితే అదీ తట్టుకోకపోవచ్చు, ఐపీ 69K రకం దొరికితే వదలకండి. వైరు బయటికొచ్చే వైపు కిందకుండేలా బిగించండి.

సమస్య: ఫ్యూజ్ కొట్టేస్తోంది

వైరు ఎక్కడో ఛాసి అంచుకి రాసుకుంది, లేదా స్టెప్పు మడతలో నలిగింది, వెతికి పట్టుకుని పైపు తొడగండి. పెద్ద ఫ్యూజ్ మాత్రం వేయకండి. 3 వాట్ల లైట్లు నాలుగేసినా ఒక ఆంపియరే, 3 ఆంపియర్ల ఊదా ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలో ఉంటే చాలు. 15 ఆంపియర్లది వేసి సన్న వైరు నడిపితే ఫ్యూజ్ బతుకుతుంది, వైరు కాలుతుంది.

ఆల్టర్నేటర్ వోల్టేజి 15 దాటడం, రిలే అంటుకుపోవడం, కొత్త బండ్లలో కంప్యూటర్ అడ్డుపడటం కూడా ఉంటాయి కానీ అరుదు, పైవన్నీ చూశాకే అటు పోండి.

సమస్య: పొద్దున్నే సెల్ఫ్ తిరగట్లేదు

3 వాట్ల లైట్లు నాలుగు రాత్రంతా పది గంటలు వెలిగితే 10 ఆంపియర్ అవర్లు పోతాయి. ఆపినట్టే ఉండి ఎక్కడో వెలుగుతుంటే, ముసలి బ్యాటరీకి అది చాలు. కీ తీసేసి, తలుపులన్నీ వేసి, బ్యాటరీ మైనస్ క్లాంపు ఊడదీసి మధ్యలో మీటర్ 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి చూడండి. 50 మిల్లీ ఆంపియర్ల లోపుంటే ఫర్వాలేదు. ఎక్కువుంటే స్టెప్ లైటు ఫ్యూజ్ పీకండి, అంకె పడిపోయిందంటే దొరికినట్టే, ఎక్కువగా డోర్ స్విచ్ బటన్ బురద గట్టిపడి లోపలికి పోకుండా ఆగి ఉంటుంది, కడిగి రెండు చుక్కలు నూనె వేసి పదిసార్లు నొక్కి వదిలితే మళ్ళీ ఆడుతుంది.