వ్యాంపైర్ సీన్ రాయడం – 4వ పాఠం: కుక్క ఉన్నది మొరగడానికి మాత్రమే కాదు

పోయిన పాఠంలో "వ్యాంపైర్ వచ్చిన సంగతి ముందు జంతువుకే తెలియాలి" అని ఒక్క ముక్క చెప్పి వదిలేశాను, అది నా పొరపాటే. మీరు రాసి పంపిన సినిమా సీన్లలో దాదాపు అన్నిటిలోనూ కుక్క మొరిగింది, యజమాని కసిరాడు, రెండో పేజీకల్లా కుక్క చచ్చిపోయింది. అందుకే ఈసారి చెబుతానన్న రాత్రి సీన్ల లైటింగ్ పక్కనపెట్టి మళ్లీ కుక్క దగ్గరికే వస్తున్నాను.

జంతువు కథకి కేంద్రం కావాలంటే దానికేదో కావాలి, దానికోసం అది చేసే పనివల్ల కథ కదలాలి. 1970ల చివర్లో వచ్చిన 'డ్రాక్యులాస్ డాగ్' సినిమా చూడండి. వ్యాంపైర్‌ని చంపాలంటే గుండెల్లో కొయ్య దించుతారు కదా, సమాధిలో కుక్క గుండెల్లో దిగిన అలాంటి కొయ్యని ఒక సైనికుడు పీకేస్తాడు, అది లేచి వ్యాంపైర్ సేవకుడి ఒంట్లోని కొయ్యని పళ్లతో పట్టి లాగేస్తుంది. గొప్ప సినిమా అనను, కానీ ఆ ఒక్క పనితో కుక్క పాత్రయిపోయింది. 1922 నాటి వ్యాంపైర్ సినిమా 'నోస్ఫెరాటు'లో ఎలుకలు అలా కాదు, అవి ప్లేగుని మోసుకొచ్చే గుంపు. భయం పుట్టిస్తాయి, కానీ ఏ ఎలుకా మనకి విడిగా గుర్తుండదు.

ఇక నాకు విసుగు తెప్పించే తప్పు. "కుక్కకి అర్థమైంది", "ఇతను తన యజమాని కాదని అనుకుంది". కెమెరాకి ఇది ఎలా కనిపిస్తుంది? "అనుకుంది" అని రాసిన చోటల్లా కొట్టేయండి. "అనుమానంగా చూసింది" కూడా అదే తప్పు, "కళ్లలో భయం" కూడా అదే. చెవులు ఏమయ్యాయి, తోక ఎక్కడుంది, బరువు ఏ కాళ్లమీద పడింది, అది రాయండి. భయపడ్డ కుక్క మొరగాలనేం లేదు, ఆవులిస్తుంది, మూతి నాక్కుంటుంది, తల తిప్పేసుకుని కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తుంది.

ఉదాహరణకి, చనిపోయిన యజమాని ఇంటికొచ్చాడు. చొక్కా వాసన అతనిదే, కుక్క తోక ఊపుకుంటూ ఎదురెళ్లింది. చెయ్యి నాకింది, ఆగింది. మళ్లీ నాకింది, ఈసారి నెమ్మదిగా. తోక ఊపడం ఆగిపోయింది, కానీ పక్కకి తప్పుకోలేదు. ఇంతే. ఆ చెయ్యి చల్లగా ఉందని, చెమట ఉప్పదనం లేదని మీరు చెప్పక్కర్లేదు.

గబ్బిలాలు పెట్టినవాళ్లకి ఒక మాట. రక్తం తాగే గబ్బిలం రక్తం పీల్చదు, ముందుపళ్లతో చిన్న గాటు పెట్టి నాలుకతో నాకుతుంది, అంతకుముందు నేలమీద పాక్కుంటూ వస్తుంది. అలాంటి జాతులు మూడే, మూడూ అమెరికా ఖండాల్లోనే ఉంటాయి, యూరప్ కోటలో పెడితే అక్కడికెలా వచ్చిందో మీరే చెప్పాలి. రెండు మూడు రాత్రులు తిండి దొరక్కపోతే అది చచ్చిపోతుంది, ఆకలితో ఉన్న తోటి గబ్బిలానికి తాగిన రక్తం కక్కి పెడుతుంది. ఇంతకన్నా బలమైన కోరిక ఎక్కడ దొరుకుతుంది? ఎగిరొచ్చి మెడ కొరికే సీన్ మానేసి ఇది వాడుకోండి.

అభ్యాసం: ఏదైనా ఒక జంతువుని అరగంట కదలకుండా చూసి ఇరవై కదలికలు రాసుకోండి. వాటిలోంచే ఏరుకుని రెండు పేజీల సీన్ రాయండి. డైలాగ్ వద్దు, మొరగడం వద్దు, మెరిసే కళ్లు అసలే వద్దు. చివరికి జంతువు బతికుండాలి. నేనైతే ముందు ఆఖరి షాట్‌లో అది ఎక్కడ నిలబడుతుందో రాసుకుని, అక్కణ్నుంచి వెనక్కి వస్తాను.